ఆస్టిన్‌లో టెక్సాస్ చట్టసభ: గుమ్మటం కింద ఒక పూట, భూగర్భంలో ఒక రాత్రి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చే మన పెద్దవాళ్లలో టెక్సాస్‌కు చేరేవాళ్లు తక్కువేమీ కాదు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోలలోనూ, హ్యూస్టన్ శివార్లలోనూ, ఆస్టిన్‌కు ఉత్తరాన ఉన్న సీడర్ పార్క్, రౌండ్ రాక్‌లలోనూ తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఆస్టిన్ వచ్చిన ప్రతివాళ్లకూ పిల్లలు చూపించే చోట్లలో, రాష్ట్ర చట్టసభ కొలువుండే క్యాపిటల్ భవనం తప్పకుండా ఉంటుంది. అయితే ఆ చూడడం సాధారణంగా శనివారం మధ్యాహ్నం మెట్ల ముందు ఒక ఫొటో, గుమ్మటం కింద మరో ఫొటోతో ముగిసిపోతుంది. చాలాకాలం పౌరశాస్త్రం పాఠాలు చెప్పిన అలవాటు వల్ల కావచ్చు, నాకు అది చాలలేదు. సభ నడుస్తున్న ఏడాదిలో, పనిదినాన, ఉదయం నుంచి చీకటిపడేదాకా అక్కడ గడిపితే తప్ప ఆ భవనం దేనికోసం ఉందో తెలియదన్నది 2025 ఏప్రిల్‌లో అక్కడికి వెళ్లివచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం.

ముందుగా కాలం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం అదే. టెక్సాస్ చట్టసభ ఏటా సమావేశం కాదు. 1876 నాటి రాజ్యాంగాన్ని ఆ రాష్ట్రం ఇప్పటికీ సవరణలతో నెట్టుకొస్తోంది. దాని ప్రకారం, దాని కింద చేసిన చట్టం ప్రకారం బేసి సంవత్సరాల్లో, జనవరి రెండో మంగళవారం నాడు సభ మొదలై, గరిష్ఠంగా 140 రోజులు సాగి, మే నెలాఖరుకో జూన్ మొదటికో ముగుస్తుంది. ఆ తర్వాత గవర్నరు పిలిస్తే 30 రోజులకు మించని ప్రత్యేక సమావేశాలు ఉండవచ్చు, లేకపోతే లేదు. సభ్యుల జీతం నెలకు 600 డాలర్లు, దానిమీద సమావేశాలు జరిగే రోజులకు దినభత్యం. అందువల్ల సభ్యుల్లో చాలామంది న్యాయవాదులుగా, వ్యాపారులుగా, పశువుల ఆసాములుగా, వైద్యులుగా తమ వృత్తి తాము చేసుకుంటూనే ఉంటారు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని మన రాజ్యాంగం నిర్బంధిస్తుంటే, అక్కడివాళ్లు ప్రభుత్వం ఎంత తక్కువ కూర్చుంటే అంత మంచిదన్న పాత అనుమానాన్ని నియమంగానే రాసిపెట్టుకున్నారు. సరిసంఖ్య సంవత్సరంలో వెళ్లినవారికి కనిపించేవి ఖాళీ కుర్చీలు. బేసి సంవత్సరంలోనైనా మొదటి అరవై రోజుల్లో బిల్లులు దాఖలు చేయడం, కమిటీలు వేసుకోవడమే ఎక్కువగా ఉంటుంది కనుక, మార్చి మధ్య నుంచి మే మొదటి వారం దాకా వెళ్లడం అన్నివిధాలా మేలు. అప్పటికి ఎండలు ముదరవు, రోడ్ల పక్కన నీలిరంగు బ్లూబానెట్ పూలు కూడా ఇంకా మిగిలి ఉంటాయి.

బస విషయంలో నేను రెండు పద్ధతులూ చూశాను. క్యాపిటల్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక హోటల్లో దిగితే, రాత్రి ఏ వేళకు బయటపడినా చింత ఉండదు. కానీ సమావేశాల కాలంలో ఆ ప్రాంతమంతా లాబీయిస్టులతో (బిల్లుల విషయంలో సభ్యులకు నచ్చజెప్పడమే వృత్తిగా ఉన్నవాళ్లతో), సంఘాల ప్రతినిధులతో కిటకిటలాడుతుంది కాబట్టి గది అద్దెలు చుక్కలనంటుతాయి. నేను దిగిన హోటల్లో కారు నిలిపినందుకు రోజువారీగా వేసిన రుసుము గది అద్దెలో నాలుగో వంతు దాకా ఉంది. గది బుక్ చేసేటప్పుడు ఆ సంగతి ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉందట. గదిలో టీ కాచుకోవడానికి కెటిల్ కూడా లేదు. 1886లో కట్టిన డ్రిస్కిల్ హోటల్ కాంగ్రెస్ అవెన్యూకు దగ్గర్లోనే ఉంది. అందులో బస చేసే స్తోమత లేకపోయినా లోపలి హాలు చూసి రావచ్చు. రాష్ట్ర రాజకీయాల్లో ఎన్నో మంతనాలు సాగిన చోటు అది.

పిల్లల ఇల్లు సీడర్ పార్క్ వైపు ఉన్నవారికి నేను చెప్పేది, హోటల్ జోలికి పోకుండా లేక్‌లైన్ స్టేషన్లో రెడ్ లైన్ రైలెక్కమని. లియాండర్ నుంచి డౌన్‌టౌన్ దాకా నడిచే ఈ రైలు శుభ్రంగా ఉంటుంది, సీనియర్లకు టికెట్టులో రాయితీ ఉంటుంది, దిగినచోటు నుంచి కాంగ్రెస్ అవెన్యూ వెంట ఉత్తరంగా నడిస్తే ఎదురుగా భవనం కనబడుతూనే ఉంటుంది. ఆ కనబడడం కూడా యాదృచ్ఛికం కాదు. నగరంలోని కొన్ని ముఖ్యమైన చోట్ల నుంచి క్యాపిటల్ గుమ్మటానికి అడ్డుగా ఎత్తైన కట్టడాలు లేవకూడదని 1983 నుంచి చట్టమే ఉంది. రైలుకున్న లోపం, రాత్రి పొద్దుపోయాక దొరక్కపోవడం. కమిటీలు చూడాలనుకున్న రోజున తిరుగు ప్రయాణానికి పిల్లల్ని రమ్మనడమో, టాక్సీ పిలుచుకోవడమో తప్పదు. కారులో వచ్చేవారికి శాన్ హసింటో వీధిలో సందర్శకుల పార్కింగు భవనం ఉంది, మొదటి రెండు గంటలు ఉచితం. ఆపైన పడేది కూడా ప్రైవేటు పార్కింగులతో పోలిస్తే లెక్కలోకి రాదు.

లోపలికి వెళ్లడానికి పాసు అక్కర్లేదు, సిఫారసు ఉత్తరం అక్కర్లేదు, గుర్తింపు కార్డు కూడా అడగరు. హైదరాబాదులో సందర్శకుల గ్యాలరీ పాసు కోసం శాసనసభ్యుడి కార్యాలయం చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవారికి ఇది వింతగానే ఉంటుంది. విమానాశ్రయంలో లాగా సంచిని యంత్రంలో పెట్టి, లోహాన్ని పసిగట్టే చట్రంలోంచి నడిచి వెళ్లడమే. పక్కనే ఇంకో వరుస ఉంటుంది. లైసెన్సు ఉన్న తుపాకీ వెంట తెచ్చుకునేవారు ఆ కార్డు చూపి అటునుంచి వెళతారట. మనలాంటి వాళ్ల చేతిసంచుల్ని తనిఖీ చేసి, తుపాకీ ఉన్నవాళ్లని త్వరగా పంపడంలోని తర్కం టెక్సాస్‌లోనే చెల్లుతుంది.

గైడుతో తిప్పి చూపే టూరు ఉచితం, ముప్పావు గంటకు మించదు. మాకు దొరికిన గైడు హడావిడి లేకుండా చెప్పాడు, పెద్దవాళ్లు మెట్లెక్కలేరని గ్రహించి లిఫ్టు వైపు తీసుకువెళ్లాడు. పాత భవనం 1881లో కాలిపోయాక కొత్తది కట్టడానికి రాష్ట్రం దగ్గర డబ్బు లేదు, నేల మాత్రం కావలసినంత ఉంది. కట్టిపెట్టినందుకు ప్రతిఫలంగా వాయవ్య మూలన ఉన్న 30 లక్షల ఎకరాలు షికాగో పెట్టుబడిదారుల పరం చేశారు. అదే తర్వాత ఎక్స్ఐటీ అన్న పేరుతో ప్రసిద్ధమైన పశువుల క్షేత్రమైంది. మార్బుల్ ఫాల్స్ దగ్గరి కొండ నుంచి తెచ్చిన ఎర్రటి గ్రానైటు సాయంత్రపు ఎండలో చూడవలసిందే. ఆ రాయి కొట్టడానికి ఖైదీల్ని పెట్టినందుకు రాతిపనివాళ్ల సంఘం పనిని బహిష్కరిస్తే, స్కాట్లాండు నుంచి పనివాళ్లను రప్పించారని గైడు దాచకుండానే చెప్పాడు. 1888లో పూర్తయిన ఈ కట్టడం ఎత్తు 300 అడుగులు దాటి, వాషింగ్టన్‌లోని దేశ క్యాపిటల్‌ను మించిపోయింది. ఆ మాట వినకుండా ఆ భవనంలోంచి ఎవరూ బయటికి రాలేరు.

గుమ్మటం కింది నేలమీద, టెక్సాస్‌ను ఏలిన ఆరు రాజ్యాల ముద్రలున్నాయి: స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, స్వతంత్ర టెక్సాస్ గణతంత్రం, అంతర్యుద్ధ కాలపు దక్షిణాది సమాఖ్య, అమెరికా సంయుక్త రాష్ట్రాలు. నడిమధ్యన ఉన్నది గణతంత్రం ముద్రే. అక్కడ నిలబడి తలెత్తితే పైన ఒక నక్షత్రం చిన్నగా కనిపిస్తుంది. దాని వెడల్పు 8 అడుగులని చెప్పినా కన్ను నమ్మదు. గోడల మీద గవర్నర్ల చిత్రపటాలు వరుసగా ఉంటాయి, కొత్తది చేరినప్పుడల్లా మిగిలినవన్నీ ఒక్కో స్థానం వెనక్కి జరుగుతాయి. తలుపుల ఇత్తడి బందుల మీద కూడా భవనం పేరు పోతపోసి ఉంది, వంగి చూడండి. టూరు వల్ల కట్టడం బాగా అర్థమవుతుంది గానీ, చట్టం ఎలా పుడుతుందన్నది మాత్రం గైడు రెండు వాక్యాల్లో దాటేస్తాడు. తప్పుపట్టనక్కర్లేదు, ఆ పని ఆయనది కాదు.

ప్రతినిధుల సభలో 150 మంది, సెనేట్‌లో 31 మంది. రెండు సభలూ రెండో అంతస్తులో ఎదురెదురు కొసల్లో ఉంటాయి, గ్యాలరీలకు మూడో అంతస్తు నుంచి దారి. ప్రతినిధుల సభ గ్యాలరీలో కూర్చోగానే నేను వెతికింది అధికార పక్షం ఎటు, ప్రతిపక్షం ఎటు అని. అటువంటిదేమీ లేదు. రిపబ్లికన్లు, డెమోక్రాట్లు కలిసిపోయి పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటారు. ముఖ్యమంత్రి ఉండడు, మంత్రులు ఉండరు. గవర్నరు విడిగా ఎన్నికై వేరే గదిలో ఉంటాడు, సభకు జవాబు చెప్పవలసిన అవసరం అతనికి లేదు. కాబట్టి ప్రశ్నోత్తరాల గంట కోసం ఎదురుచూస్తే నిరాశే. బిల్లు తెచ్చిన సభ్యుడు ముందున్న మైకు దగ్గర నిలబడతాడు, ప్రశ్నించేవాళ్లు వెనక మైకు దగ్గర వరుస కడతారు. ఇద్దరి మధ్యా ఆ పొడవాటి నడవా ఉంటుంది. ఓటింగు మొదలవగానే సభ్యుల పేర్లున్న పెద్ద బోర్డు మీద ఆకుపచ్చ, ఎరుపు దీపాలు వెలుగుతాయి. ఆ క్షణంలో బోర్డును చూడకుండా కింద మనుషుల చేతుల్ని గమనించాలి. ఒక వేలు ఎత్తితే అవుననమని, రెండు వేళ్లెత్తితే కాదనమని తోటివారికి సంకేతం. బిల్లు చదవకుండా వచ్చిన సభ్యుడు తాను నమ్మే మిత్రుడి వేళ్లు చూసి మీట నొక్కడం పైనుంచి స్పష్టంగా కనబడుతుంది. పైకప్పు నుంచి వేలాడే ఇత్తడి దీపాల గుత్తులు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, వాటి బల్బులు కలిపి చదివితే టెక్సాస్ అన్న అక్షరాలు వస్తాయి.

సెనేట్ మరీ చిన్నది, మరీ నెమ్మది. 1888లో కొన్న వాల్‌నట్ బల్లలే ఇప్పటికీ వాడుతున్నారు. అధ్యక్షస్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నరును సభ్యులు కాదు, రాష్ట్ర ప్రజలందరూ ఎన్నుకుంటారు. కమిటీలు వేయడం నుంచి ఏ బిల్లు ఎప్పుడు రావాలన్నది దాకా ఆయన చేతిలోనే ఉండడం వల్ల, గవర్నరు కన్నా ఈయనే బలవంతుడని అనేవాళ్లున్నారు. అక్కడి ఆచారాల్లో నాకు భలే అనిపించినది అడ్డుబిల్లు పద్ధతి. సమావేశాల మొదట్లోనే ఎవరికీ పట్టని ఒక చిన్న బిల్లును జాబితాలో అందరికన్నా ముందు పెట్టి, దాన్ని ఎన్నటికీ చర్చకు తీసుకోరు. దాంతో వెనకున్న ప్రతి బిల్లుకూ వరుస తప్పించడానికి ప్రత్యేకంగా అనుమతి కావాలి. ఆ అనుమతికి ఒకప్పుడు మూడింట రెండు వంతుల మంది కావలసి వచ్చేది. 2015లో అయిదింట మూడు వంతులకు, 2021లో తొమ్మిదింట అయిదు వంతులకు తగ్గించారు. అంటే ఇప్పుడు 18 మంది చాలు. మెజారిటీలో ఉన్న రిపబ్లికన్ల బలానికి అందేలా గీతను దించుకుంటూ వచ్చారన్న విమర్శ ఉంది, అంకెలు చూస్తే కాదనడం కష్టం.

అడ్డుకోవడానికి మిగిలిన దారి మాట్లాడుతూనే ఉండడం. అలా నిలబడిన సెనేటరు కూర్చోకూడదు, బల్లకు ఆనుకోకూడదు, తినకూడదు, విషయం దాటకూడదు. 1977లో బిల్ మైయర్ 43 గంటలు అలా నిలబడ్డాడు. 2013 జూన్‌లో గర్భస్రావాల బిల్లు మీద వెండీ డేవిస్ గులాబీరంగు బూట్లు తొడుక్కుని దాదాపు 11 గంటలు మాట్లాడింది. అదీ కుదరకపోతే పారిపోవడమే. కోరం, అంటే సభ సాగడానికి ఉండవలసిన కనీస హాజరు, మూడింట రెండు వంతులు కనుక, మైనారిటీలో ఉన్న పార్టీ మొత్తంగా రాష్ట్రం దాటితే సభ ఆగిపోతుంది. 1979లో పన్నెండుమంది సెనేటర్లు మాయమయ్యారు, వాళ్లలో ఎక్కువమంది ఆస్టిన్‌లోనే ఒక గరాజు గదిలో దాక్కున్నారు. 2003లో ప్రతినిధులు ఓక్లహోమాకు, 2021లో వాషింగ్టన్‌కు, 2025 ఆగస్టులో నియోజకవర్గాల పునర్విభజన మీద షికాగో వైపుకు వెళ్లిపోయారు. మన సభల్లో కోరం పదో వంతే కాబట్టి వాకౌట్ చేసినవాళ్ల వల్ల సభకు వచ్చే నష్టమేమీ లేదు. అక్కడ వాకౌట్ చేస్తే పోలీసులు వెతుకుతారు.

ఇంతవరకూ చెప్పినది పైఅంతస్తుల సంగతి. అసలు చూడవలసిన చోటు భూమికింద ఉంది. భవనానికి ఉత్తరాన పచ్చికబయలు అడుగున 1993లో నాలుగంతస్తుల విస్తరణ కట్టారు. లిఫ్టులో దిగి పొడవాటి నడవాల్లో నడుస్తుంటే పైన గాజు కిటికీల్లోంచి గుమ్మటం కనిపిస్తుంది. కమిటీ గదుల్లో ఎక్కువభాగం ఇక్కడే. ఒక్కో సమావేశకాలంలో దాఖలయ్యే ఏడెనిమిది వేల బిల్లుల్లో చాలావాటి ప్రాణం పోయేది ఈ గదుల్లోనే. నడవాల్లో తాకుతెరల యంత్రాలు ఉంటాయి. ఏ బిల్లు మీద మాట్లాడదలిచామో ఎంచుకుని, పేరు, ఊరు, ఎవరి తరఫున అన్నది కొట్టి, అనుకూలమా, వ్యతిరేకమా, కేవలం సమాచారం ఇవ్వడానికా అన్నది చెప్పాలి. మాట్లాడకుండా అభిప్రాయం మాత్రం నమోదు చేసి వెళ్లడానికీ వీలుంది. ఎవరి సిఫారసూ లేకుండా ఒక రైతు వచ్చి, చట్టం చేసేవాళ్ల ఎదురుగా కూర్చుని మాట్లాడగలగడం ఈ మొత్తం ఏర్పాటులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నిలబెట్టేసింది.

ఇబ్బంది ఒకటుంది. చాలా ప్రకటనల్లో గంట రాయరు, సభ వాయిదా పడిన తర్వాత అని మాత్రమే రాస్తారు. సభ మధ్యాహ్నమే వాయిదా పడవచ్చు, సాయంత్రం దాటవచ్చు. అంతదాకా నడవాలోని బెంచీ మీద కాపలా కాయాలి. దూరపు ఊళ్ల నుంచి సెలవు పెట్టుకుని వచ్చిన కూలివాడికి ఇది ఎంత శిక్షో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడే బతికే లాబీయిస్టుకు మాత్రం ఏ నష్టమూ లేదు.

నేను కూర్చున్న గదిలో ఆ రాత్రి నడిచినది భూగర్భ జలాలను ఒక ప్రాంతం నుంచి తోడి గొట్టాల ద్వారా మరో ప్రాంతానికి తరలించడం గురించి. టెక్సాస్‌లో ఎవరి నేలకింది నీళ్లు వాళ్లవే. పక్కవాడి బావి ఎండిపోయినా తోడుకోవచ్చునని 1904లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత వచ్చిన భూగర్భ జల సంరక్షణ జిల్లాలు కొంత పగ్గం వేశాయి గానీ మూలసూత్రం మారలేదు. 2002లో వాల్టా చట్టం వచ్చిన రోజుల్లో బోరు బోరుకూ మధ్య దూరం గురించి మన పల్లెల్లో జరిగిన తగవులు తెలిసినవాడికి ఆ చర్చను అనువదించి చెప్పనక్కర్లేదు. టోపీ ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలి రైతు మూడు నిమిషాల వ్యవధిలో మొదటి నిమిషమంతా తన తాత తవ్వించిన బావి లోతు చెప్పడానికే సరిపెట్టాడు. గంట మోగింది. అధ్యక్షుడు ఆపలేదు, కమిటీలోని ఒక సభ్యురాలు ఇప్పుడు ఆ బావిలో నీరు ఎంత లోతున అందుతోందని అడిగింది. ప్రశ్నకు జవాబు చెప్పే కాలం మూడు నిమిషాల్లోకి రాదు కాబట్టి అతనికి మాట్లాడే అవకాశం మళ్లీ దొరికింది. ఆ తర్వాత నీటి కంపెనీ తరఫున వచ్చిన న్యాయవాది సరిగ్గా రెండు నిమిషాల యాభై సెకన్లలో ముగించి లేచాడు. చివర్లో అధ్యక్షుడు, బిల్లును పెండింగులో ఉంచుతున్నామని ఒక్కమాట అని తర్వాతి బిల్లు పిలిచాడు. వినడం పూర్తయిన రోజునే ఓటు వేయకపోవడం అక్కడి రివాజు. పెండింగులో ఉంచినది మళ్లీ లేవకపోతే దానికి ఎవరూ కారణం చెప్పవలసిన పనిలేదు.

మన దగ్గర బిల్లు ప్రవేశపెట్టిన వారంలోనే, కొన్నిసార్లు ఆ రోజే, ఆమోదం పొందుతుంది. సెలెక్ట్ కమిటీకి వెళ్లేది ఎప్పుడో ఒకటి. మంత్రివర్గానికి మెజారిటీ ఉంది కనుక ఫలితం ముందే తెలుసు, బాధ్యత ఎవరిదో కూడా తెలుసు. ఆస్టిన్‌లో అందరూ మాట్లాడవచ్చు గానీ, చివరికి బిల్లును ఎవరు చంపారో వేలెత్తి చూపడం కష్టం. రెంటిలో ఏది మెరుగన్న ప్రశ్నకు నా మొగ్గు మన బాధ్యతాయుత ప్రభుత్వ పద్ధతివైపే. కాకపోతే, బిల్లు మీద ఒక బోరు రైతు మాట కూడా వినే గది ఒకటి హైదరాబాదులోనూ, వెలగపూడిలోనూ ఉంటే తప్పేమిటన్నది ఆ గదిలో కూర్చున్నంతసేపూ నన్ను వదలలేదు.

భోజనం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. విస్తరణలోనే క్యాపిటల్ గ్రిల్ అనే కాంటీన్ ఉంది, ధరలు బయటికన్నా నయం, శాకాహారులకు సలాడ్లు, బంగాళదుంప వేపుళ్లు తప్ప పెద్దగా దొరకవు. రాత్రి కమిటీల వేళకు మూసేస్తారు. పులిహోర డబ్బా తీసుకువెళ్లడం ఉత్తమం, గ్యాలరీలో తినరాదు గానీ నడవాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మరుగుదొడ్లు, చక్రాల కుర్చీకి దారులు, కూర్చోవడానికి బెంచీలు అన్నీ బాగున్నాయి. చలిగదుల వల్ల శాలువా తప్పనిసరి.

ఇంకో పూట మిగిలితే 22 ఎకరాల ఆవరణను ఉదయాన్నే చుట్టిరావచ్చు. 1903లో పెట్టిన దక్షిణాది సైనికుల స్మారకం, 2012 నాటి తెహానో (మెక్సికన్ మూలాలున్న టెక్సాస్‌వాళ్ల) స్మారకం, 2016 నాటి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర స్మారకం ఒకే పచ్చికలో ఉన్నాయి, వాటి తేదీల్నిబట్టే ఎవరి వంతు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. బైబిల్లోని పది ఆజ్ఞల శిల ఉత్తరం వైపు ఉంది. ప్రభుత్వ స్థలంలో మతచిహ్నం ఉండవచ్చా అన్న కేసులో, 2005లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు అటు, నలుగురు ఇటుగా తీర్పు చెప్పి దాన్ని ఉండనిచ్చింది. కొన్ని వీధుల అవతల ఉన్న బుల్లక్ చరిత్ర మ్యూజియానికి టికెట్టు ఉంది, పిల్లలుంటే డబ్బుకు న్యాయం జరుగుతుంది, లేకపోతే సందర్శకుల కేంద్రంగా మార్చిన 1857 నాటి భూమి కార్యాలయం ఉచితంగానే చాలినంత చూపిస్తుంది.

తర్వాతి సమావేశకాలం 2027 జనవరి 12న మొదలవుతుంది. ఆ వసంతంలో వచ్చేవారు మంగళ, బుధ, గురువారాల్లో ఒకదాన్ని ఎంచుకుని, ముందురోజు రాత్రే చట్టసభ వెబ్‌సైటులో కమిటీల ప్రకటనలు చూసుకుని, తమకు పరిచయమున్న విషయం ఏ గది సంఖ్య దగ్గర ఉందో రాసుకుని వెళ్లండి. అంతదూరం రాలేనివారికి రెండు సభలూ, కమిటీలూ కూడా ప్రత్యక్షంగానూ, తర్వాత భద్రపరిచిన రూపంలోనూ ఇంట్లోంచే చూడడానికి దొరుకుతాయి.